ఎడారి లాడ్జికి మే నెలలోనే వెళ్లండి

ఎడారిలో ఖరీదైన సఫారీ లాడ్జికి వెళ్లేవాళ్లకు లోకం చెప్పే సలహాలు నాలుగు. డిసెంబరులో వెళ్లు. సొంత ఈతకొలను ఉన్న గది తీసుకో. రెండు పూటలా జీపెక్కు. ఆవకాయ సీసా మరిచిపోకు. నేను చెప్పేవి వీటికి సరిగ్గా ఎదురు. మే నెలలో వెళ్లండి, కొలనులో కాలు పెట్టకండి, జీపెక్కకండి, ఆవకాయ ఇంట్లోనే ఉంచి పోండి. తాళంచెవి చేతికివ్వగానే గదిలోకి కాకుండా లాడ్జి వెనక్కి, నీళ్ల ట్యాంకు దగ్గరికి నడవండి.

ఈ మాటలు ముఖ్యంగా మా మేళ్లచెరువు, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు వాళ్ల కోసం. మన ఇళ్లల్లో పిల్లలు దుబాయిలోనో బెంగళూరులోనో ఉంటున్నారు. అమ్మానాన్నల షష్టిపూర్తికో, పెళ్లిరోజుకో రెండు రాత్రుల ఎడారి బస కానుకగా ఇస్తున్నారు. అది దుబాయి శివార్లలో 1999లో తెరిచిన అల్ మహా కావచ్చు, జైసల్మేరు చుట్టుపక్కల ఇసుక తిన్నెల మధ్య వేసే గుడారాల బస కావచ్చు. ఖరీదైన చోట ఒక్క రాత్రి అద్దె మన దగ్గర ఎకరం పొలం ఏడాది కౌలును మించిపోతుంది. అంత డబ్బు పెట్టాక హాయిగా ఉండక ఈ చాదస్తం ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. హాయిగా ఉండమనే నేనూ చెప్పేది. ఎడారిలో హాయి అంటే నీళ్లు. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, వాడాక ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా గడిపే రాత్రి కోసం అంత దూరం పోనక్కర్లేదు, హైదరాబాదులో పెద్ద హోటలు చాలు.

మే నెల ఎందుకంటే

రాజస్థాన్‌లో పర్యాటకుల కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా. ఏప్రిల్ వచ్చేసరికి చాలా గుడారాల బసలు మూతపడతాయి. ఆ మూతే మీకు మొదటి పరీక్ష. పర్యావరణానికి అనుకూలంగా కట్టామని చెప్పుకునే కట్టడం మే ఎండకు నిలవలేకపోతే, చలికాలం చేసిన మేలును తన గొప్పగా చెప్పుకుంటోందన్నమాట. మందపాటి రాతిగోడ, ఎత్తైన కప్పు, గాలి ఆడే జాలీ కిటికీ ఉన్న చోట మేలో కూడా తలుపు తెరిచే ఉంటుంది. పైగా అద్దె బాగా తగ్గుతుంది. దుబాయిలోనూ అంతే, వేసవిలో ధరలు దిగుతాయి.

ఎండకు జడవాల్సింది మనం కాదు. కృష్ణకు అవతల ఎండలకు పేరుపడ్డ రెంటచింతల, ఇవతల మనం. సున్నపురాయి గనుల తెల్లటి నేల మీద పడిన ఎండ తిరిగి మొహానికే కొడుతుంది. 45 డిగ్రీలంటే మనకు టీవీలో చూసే వార్త కాదు. ఫలోడీ అనే ఊళ్లో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. ఆ ఫలోడీ జోధ్‌పూర్ నుంచి జైసల్మేరు వైపు పోయే దారిలోదే. అక్కడా మనుషులు బతుకుతున్నారు, మేకలు మేస్తున్నాయి, పెళ్లిళ్లు జరుగుతున్నాయి. గుడిసె వాకిలి ఏ దిక్కుకు పెడతారు, మందను ఎన్నింటికి తోలుకుపోయి ఎన్నింటికి మళ్లిస్తారు, మిట్టమధ్యాహ్నం ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఇవన్నీ డిసెంబరులో కనబడవు. డిసెంబరులో ఎడారి ఎవరినైనా ఆదరిస్తుంది, దాని అసలు తెలివి బయటపడేది ఎండాకాలంలో.

గుండెజబ్బు, బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు మాత్రం ఈ ఒక్క సలహా వినొద్దు. షష్టిపూర్తి జంటల్లో చాలామందికి ఆ మందులు ఉంటాయని నాకు తెలుసు. డాక్టరును అడిగి, ఆయన వద్దంటే ఫిబ్రవరి చివర పోండి. ఒంట్లో బాగున్నవాళ్లయినా పదకొండు నుంచి నాలుగున్నర దాకా గడప దాటొద్దు. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగాలి. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు పట్టించకుండా నడుమ ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టో పడాలి. తల తిరిగి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలు చుట్టి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇక్కడ మొండితనం పనికిరాదు.

ట్యాంకు దగ్గర అడగాల్సినవి

పాత నల్లగొండ జిల్లా వాళ్లకు నీళ్ల గురించి నిలదీసి అడిగే హక్కు ఉంది. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయింది గానీ, ఫ్లోరైడు ఆనవాళ్లు జిల్లా గీతతో చెరిగిపోలేదు. పళ్ల మీద గోధుమరంగు చారలు, దొడ్డికాళ్లు, వంగని వెన్ను. మంచినీళ్లలా కనబడే బోరు నీళ్లు మనిషిని ఏం చేస్తాయో మర్రిగూడ వైపు ఊళ్లు తరాల తరబడి చూశాయి. నీళ్లలోంచి ఫ్లోరైడును పటికతో, సున్నంతో విరిచి తీసే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు. ప్రపంచం దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది, ఆఫ్రికా దేశాల్లోనూ వాడారు. మన కష్టం పేరు అంత దూరం పోయింది.

రాజస్థాన్ భూగర్భజలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడూ ఎక్కువే, ఉప్పూ ఎక్కువే. అందుకే "మా సొంత బోరు నీళ్లండీ, ఎంతో స్వచ్ఛం" అనగానే తలూపకండి. ఫ్లోరైడు ఎంతుందో పరీక్ష కాగితం చూపించమనండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు, అంతకు మించకూడదు. ఆర్వో యంత్రం పెట్టామంటే రెండో ప్రశ్న వేయండి, అది వదిలేసే ఉప్పునీళ్లు ఎటు పోతున్నాయని. ఇళ్లల్లో పెట్టుకునే యంత్రమే లీటరు మంచినీళ్లు తీయడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఎడారిలో ఆ నీళ్లు ఊరికే ఇసుకలో పారుతుంటే చూస్తూ ఊరుకోకూడదు.

దుబాయి సంగతి వేరు. అక్కడ తాగే నీళ్లు దాదాపు అన్నీ సముద్రపు నీళ్లను శుద్ధి చేసినవే. ఆ పనికి బోలెడు కరెంటు కావాలి, మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లు మళ్లీ సముద్రంలో కలవాలి. అల్ మహాలో ప్రతి సూట్‌కూ సొంత కొలను ఉంది. ఆ బస చుట్టూ ఉన్న వన్యప్రాణి రక్షిత ప్రాంతం మీద నాకు గౌరవం ఉంది, ఎందుకో తర్వాత చెప్తాను. కొలను దగ్గర మాత్రం నాకు లెక్క కుదరదు.

లెక్క మీరూ వేసుకోండి. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతున్న చిన్న కొలనులో 27,000 లీటర్లు పడతాయి. ఒక్కసారి నింపేవే గదా, పోనీ అనుకుందాం. ఎండకు రోజుకు ఒక్క సెంటీమీటరు ఆవిరైనా 180 లీటర్లు గాలిలో కలుస్తాయి, అందులో ఎవరూ దిగకపోయినా సరే. మన పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందిస్తే చాలని జల్ జీవన్ మిషన్ అంటుంది. మిషన్ భగీరథ 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. అంటే మీ గది ముందు నీలంగా మెరిసే ఆ మడుగు, 55 లీటర్ల లెక్కన, ఒక పల్లెలో ముగ్గురి నీళ్లను రోజూ ఊరికే ఆకాశానికి ఇచ్చేస్తోంది.

అందుకని కొలను లేని గది అడగండి. అలాంటిది లేదంటే, ఉన్నన్నాళ్లూ కొలను మీద కప్పు కప్పి ఉంచమనండి. కప్పితే ఆవిరి చాలావరకు ఆగుతుంది. "సార్, దీనికేగా అంత కట్టారు" అని కుర్రాడు విస్తుపోతే, "కప్పి ఉంచడానికే కట్టాను నాయనా" అనండి.

స్నానాల గదిలో బకెట్టు, మగ్గు ఉండవు. అడిగి తెప్పించుకోండి. షవరు నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు పోస్తుంది, పది నిమిషాల్లో వంద దాకా పోతాయి. బకెట్టులో పదిహేను పడతాయి. తల స్నానమైనా రెండో బకెట్టు దాటదు. ఆ నీళ్లు ఏ చెట్టుకు పోతున్నాయో తోటమాలిని అడగండి. అడిగితే సంతోషంగా తీసుకుపోయి చూపిస్తారు, ఎందుకంటే వాళ్లనెవరూ అడగరు.

ఫిర్యాదు పుస్తకం తప్పకుండా వాడండి. రోజూ తువ్వాళ్లు మార్చారని రాయండి. ముగ్గురు కూర్చున్న బల్ల మీద ఏడు గ్లాసుల్లో నీళ్లు నింపారని రాయండి. ఇసుక మధ్య పచ్చిక పెంచితే దానికోసం ఒక పేజీ వదలండి. మనం రాసే ఫిర్యాదులన్నీ ఏదో తక్కువైందనే. ఎక్కువైందని రాసేవాళ్లు లేకే లాడ్జి వాళ్లు ఎక్కువ చేస్తూ పోతున్నారు.

జైసల్మేరు వైపు వెళ్తే ఇంకొకటి కూడా అడగాలి, నీళ్లు కాలువవా, ట్యాంకరువా అని. పంజాబులో సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే దగ్గర మొదలైన నీళ్లు ఇందిరా గాంధీ కాలువలో వందల కిలోమీటర్లు పారి అక్కడికి చేరతాయి. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని నేల అది. కాలువ చివర ఉండడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీళ్లు వదిలింది మొదలు, ఎడమ కాలువ చివరి భూముల రైతుకు ఏటా అదే దిగులు. పైన ఒకరు తూము ఎత్తితే కింద ఇంకొకరి మడి నెర్రెలు బారుతుంది. లాడ్జి ట్యాంకరు నీళ్లు తెప్పించుకుంటుంటే, అది ఏ ఊరి బావి దగ్గర నింపుకుంటోందో డ్రైవరును అడగండి. మేనేజరుకు తెలియకపోవచ్చు, డ్రైవరుకు తెలుస్తుంది.

మా ఊరి శంభులింగేశ్వరస్వామి లింగం నడినెత్తిన చిన్న రంధ్రం ఉంది. అందులో నీళ్లు ఏ కాలంలోనూ ఇంకిపోవని భక్తుల నమ్మకం. శివరాత్రి జాతరకు ఎడ్ల బండలాగుడు పందేలు చూడ్డానికి వచ్చినవాళ్లయినా లోపలికి పోయి ఆ నీళ్లకు దండం పెట్టుకోకుండా కదలరు. రెండంగుళాల రంధ్రంలోని నీళ్లను దేవుడనుకునే ఊరివాళ్లం, లాడ్జిలో కుళాయి వదిలేసి పళ్లు తోముకోవడం నాకు సహించదు.

జైసల్మేరులో సాయంత్రం అందరినీ సూర్యాస్తమయం చూపిస్తామని తిన్నెల మీదికి తోలుకుపోతారు. మీరు ఆ పూట ఖడీన్ చూపించమనండి. వాలు నేలకు అడ్డంగా పొడవాటి మట్టికట్ట వేసి, వానాకాలంలో వచ్చిన నీళ్లను అక్కడే ఆపుతారు. మనలా కింది పొలాలకు పారించి సాగు చేయరు. నీళ్లు నేలలోకి ఇంకిపోయాక ఆ తేమ మీదే శనగ, గోధుమ వేసి పంట తీస్తారు. పాలీవాల్ బ్రాహ్మణులు వందల ఏళ్ల కింద కట్టినవి ఇప్పటికీ పండుతున్నాయి. మే నెలలో వెళ్తే అక్కడ పగుళ్లిచ్చిన మడి తప్ప ఏమీ ఉండదు. కట్ట ఎక్కి, నీళ్లు ఎటునుంచి వస్తాయో ఆ ఊరి రైతుతో చెప్పించుకోండి. తిన్నెలను ఫొటోల్లో చూసుకోవచ్చు.

గోడ తట్టండి

ప్రకృతి బస అని పేరు పెట్టుకున్న చోట గోడలన్నీ మట్టిరంగులో ఉంటాయి. రంగును నమ్మకండి, వేలి కణుపులతో తట్టి చూడండి. మందపాటి మట్టిగోడ, రాతిగోడ మొద్దుగా పలుకుతాయి. పలక మీద పూత పూసింది డొల్లగా పలుకుతుంది. పొద్దున పది గంటలకు గోడకు బయట ఒక చెయ్యి, లోపల ఒక చెయ్యి పెట్టి వేడి తేడా చూడండి. సిమెంటు ఊరివాళ్లం, మనకిది చేతనవుతుంది. సిమెంటు వాడితే పాపమని నేననను, మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టేది అదే. దాన్ని మట్టిపూత కింద దాచి, మట్టిల్లని చెప్పి డబ్బు తీసుకోవడం మాత్రం తప్పు.

జైసల్మేరు కోటను, హవేలీలను కట్టిన పసుపుపచ్చ రాయి కూడా సున్నపురాయే. మన దగ్గర దాన్ని పిండి చేసి 1,450 డిగ్రీల కొలిమిలో కాలుస్తాం. కాల్చినప్పుడు రాతిలో దాగిన బొగ్గుపులుసు వాయువు బయటికొచ్చేస్తుంది, సిమెంటు మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే. అక్కడ ఆ రాయిని కాల్చకుండా కోసి, చెక్కి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి ఇల్లు కట్టారు. దగ్గరికి పోయి చూస్తే కొన్ని రాళ్లలో గోరంత గవ్వలు కనబడతాయి. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది, ఆ గవ్వలు అప్పటివి. మన రాతిలో ఎంత వెతికినా గవ్వలు దొరకవు. మనది గవ్వ పురుగులు పుట్టకముందటి రాయి. లాడ్జిలో మసాజుకు కేటాయించిన గంటను ఆ గోడకు కేటాయించండి.

ఆవకాయ వద్దు

ఈ మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది. అయినా ఆవకాయ వద్దు, గోంగూర వద్దు, కారప్పొడి కూడా వద్దు. సీసా మూత తీసిన క్షణం నుంచి నాలుక పాత దారి పడుతుంది, ఎదురుగా పెట్టిన కూరను పట్టించుకోదు. ఎదురుగా పెట్టేది కేర్ సాంగ్రీ. సాంగ్రీ అంటే ఎండబెట్టిన జమ్మికాయలు.

అవును, మన జమ్మి. దసరా సాయంత్రం ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కే జమ్మి. తెలంగాణ రాష్ట్ర వృక్షం అదే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ అదే. అక్కడ ఖేజ్రీ అంటారు. ఐక్య అరబ్ ఎమిరేట్స్ జాతీయ వృక్షం ఘాఫ్, అదీ ఈ చెట్టే. మేళ్లచెరువు నుంచి పోయినవాళ్లు దుబాయిలో దిగినా, జైసల్మేరులో దిగినా ముందుగా ఎదురయ్యే చుట్టం జమ్మిచెట్టు. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఖేజర్లీ ఊళ్లో ఈ చెట్లు నరకడానికొస్తే, అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకొని ప్రాణాలిచ్చారు. మనం ఆ చెట్టుకు పూజ చేస్తాం గానీ దాని కాయ రుచి ఎరగం.

ఎండిన సాంగ్రీ సన్నగా, గోధుమరంగులో, వంకర్లు తిరిగి ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఉడికించి, కేర్ కాయలతో కలిపి, నూనెలో ఎండుమిరపకాయ, ధనియాలు, మామిడి పొడి వేసి మగ్గిస్తారు. నీళ్లు దాదాపు అక్కర్లేని కూర. రెండు మూడు రోజులు నిలవుంటుంది. వానలు తప్పిన ఏడాది కూడా చెట్టు కాయ ఇస్తుంది కాబట్టి కరువులో ఇదే ఆదుకుంటుంది. పక్కన సజ్జరొట్టె, పల్చటి మజ్జిగ. సజ్జలు మన తాతలకు తెలుసు, మనమే మరిచిపోయాం. వంటాయన దగ్గరికి వెళ్లి ఎలా చేశారో అడగండి, ఊరికి తెచ్చుకోవడానికి పావుకిలో ఎండు సాంగ్రీ కొనిపెట్టమనండి. విమానంలో వచ్చిన చేపలు, స్ట్రాబెర్రీలు ఉన్న బల్ల వైపు పోవద్దు.

జీపెక్కకండి

తెల్లవారుజామున నాలుగున్నరకు లేవండి. జీపు బయలుదేరకముందే లాడ్జి కంచె దాటి, అక్కడి పశువుల కాపరినో, లాడ్జి గైడునో తోడు తీసుకుని నడవండి. ముందటి రోజు గాలి పాత గుర్తులన్నీ చెరిపేసి ఉంటుంది, కాబట్టి ఇసుక మీద కనబడేదంతా ఆ రాత్రి రాసిందే. పురుగు నడిచిన దారి కుట్టుమిషను కుట్టినట్టు సన్నగా, వరసగా ఉంటుంది. బల్లి అయితే కాళ్ల గుర్తుల నడుమ తోక గీసిన గీత. నక్క అడుగులో అడుగు వేసుకుంటూ ఒకే వరసలో పోతుంది, ఎక్కడో ఒకచోట ఆగి ఇసుక తవ్వి ఉంటుంది. అక్కడ గీతలన్నీ కలగలిసిపోతాయి, ఒక ఎలుక గీత అక్కడితో ఆగిపోతుంది. ఏం జరిగిందో మీరే చెప్పగలరు. సూర్యుడు బారెడు పైకొచ్చేసరికి గాలి లేచి ఇదంతా తుడిచేస్తుంది. జీపులో పోయేవాళ్ల చక్రాలు అంతకంటే ముందే తుడిచేస్తాయి.

చిరుతను చూపించమని పట్టుబట్టకండి. పాలపిట్టను చూపించమనండి. దసరాకు దాన్ని చూడాలని ఊరి బయటికి పోయి చెట్లన్నీ వెతుకుతాం. థార్‌లోనూ ఉంది, దుబాయి ఎడారిలోనూ ఉంది.

అల్ మహాకు వెళ్తే జమ్మిచెట్టు నీడన కూర్చున్న తెల్లటి ఓరిక్స్ అనే జింకజాతి జంతువులను దూరం నుంచి చూడండి. ఈ జంతువు ఒకప్పుడు అడవిలో పూర్తిగా అంతరించింది. 1972లో ఒమన్‌లో చివరివాటిని వేటాడేశారు. బందీగా పెంచిన మందల నుంచి 1982లో మళ్లీ ఎడారిలో వదిలారు. అడవిలో లేకుండా పోయిన ఆ జాతి కోలుకుని, 2011లో ప్రమాదపు జాబితాలో ఒక మెట్టు కిందికి దిగింది. ఇప్పుడు అల్ మహా చుట్టూ 225 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతంలో మందలుగా తిరుగుతున్నాయి. నా గౌరవం ఇందుకే. ఓరిక్స్ చెట్టు కింద పైపొర ఇసుకను గిట్టలతో తోడి, లోపలి చల్లటి ఇసుకలో పొట్ట ఆనించి పడుకుంటుంది. ఆ ఒక్కటి చూడ్డానికి రెండు గంటలు కూర్చోండి. దాని దగ్గరికి పోయి సెల్ఫీ తీసుకోవద్దు, మీరు లేపితే అది ఎండలోకి పోవాలి.

జైసల్మేరు దగ్గరి 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయోద్యానంలో బట్టమేక పిట్టను చూపిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. పదిహేను కిలోల దాకా తూగే ఆ పిట్ట ఒకప్పుడు మనదీ. దానికోసమే 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. గడ్డిబీళ్లు పొలాలై, ఇప్పుడక్కడ అది కనబడడం గగనం. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభై లోపే, ఎక్కువ భాగం జైసల్మేరు వైపు. చూడ్డానికి పోయి వాటిని బెదరగొట్టొద్దు. దాని కళ్లు తలకు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్న కరెంటు తీగ ఆనదు. కనబడినా, ఆ బరువుతో చప్పున పక్కకు తిరగలేదు. సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆ ప్రాంతంలో తీగలు భూమి కింద వేయమంది. 2024 మార్చిలో ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఆ తీగల్లో చాలా వాటిలో పారేది సౌరవిద్యుత్తే. కాబట్టి లాడ్జి కప్పు మీద సౌర పలకలు చూసి మురిసిపోకముందు, తీగ ఎటుపోతోందో తలెత్తి చూడండి. పలకల నుంచి అక్కడే బ్యాటరీల్లోకి పోతే సరే. స్తంభాల మీదుగా పోతుంటే, తీగకు పిట్టలను మళ్లించే బిళ్లలు కట్టారా అని అడగండి.

రాత్రి

ఏసీ ఆపించి, మంచం బయట వేయించుకోండి. నేల మీద పడుకోవద్దు, తేళ్లుంటాయి. పొద్దున చెప్పులు దులిపి తొడుక్కోండి. చుట్టూ ఉన్న అలంకారపు దీపాలు ఆర్పమని అడగండి, మీ ఒక్కరి కోసం కాదు, రాత్రి తిరిగే జీవాలకు వెలుతురు శత్రువు. మే నెలలో పొద్దుపోయాక ఉత్తరాన సప్తర్షులు బాగా పైకి ఉంటారు, ఆగ్నేయాన వృశ్చికం కొండి ఎత్తుకుని లేస్తుంది. పెళ్లినాడు పురోహితుడు పట్టపగలు చూపించిన అరుంధతిని వసిష్ఠుడి పక్కన ఇద్దరూ కలిసి వెతుక్కోండి. ఇన్నేళ్లకైనా చూడాలి గదా.

బుక్ చేసే ముందు

ఫోన్‌లో మీరే మాట్లాడండి, పిల్లలకు వదిలేయొద్దు. గది ఎంత పెద్దది, ఏం వడ్డిస్తారు అనేవి అడగనక్కర్లేదు, వాళ్లే చెప్తారు. నీళ్లు ఎక్కడివి, ఫ్లోరైడు ఎంత, మురుగు ఎటు పోతుంది, కొలను కప్పుతారా, మేలో ఎంతమంది పనివాళ్లు ఉంటారు, వాళ్ల గదుల్లో ఫ్యాను తిరుగుతుందా అని అడగండి. ఈ ఆఖరి ప్రశ్న మరిచిపోవద్దు. గల్ఫ్ ఎండలో పనిచేసి వచ్చినవాళ్లు లేని ఊరు తెలంగాణలో అరుదు. మనకు పరుపు దులిపే కుర్రాడు మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటున్నాడో తెలిశాకే మన పరుపు మెత్తన.

బక్షీసు మేనేజరు చేతికి ఇవ్వకండి. ట్యాంకరు డ్రైవరుకు, తోటమాలికి, గిన్నెలు కడిగే మనిషికి విడివిడిగా, ఎదురుగా ఇవ్వండి.

ఫోన్ ఎత్తినవాళ్లు నవ్వేస్తే పెట్టేయండి. "కనుక్కుని చెప్తామండీ" అంటే రెండు రోజులు ఆగండి. తిరిగి ఫోన్ చేసి ఒక్కో ప్రశ్నకూ జవాబు చెప్పిన లాడ్జి దొరికితే బేరమాడకుండా అడ్వాన్సు మొత్తం కట్టేసి, బకెట్టూ మగ్గూ గదిలో పెట్టి ఉంచమని అప్పుడే చెప్పండి.